రానివాళ్ళకు వేసిన సున్నాలు

నేను డాక్టరును కాను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఎవరో ఒకరు నాకు రోజూ గుర్తుచేసిన సంగతి ఇదే. చదివింది గణాంకశాస్త్రం. చివరి పదహారేళ్ళు విజయనగరం జిల్లాలో ఒక ప్రైవేటు వైద్య కళాశాలలో, సామాజిక వైద్య విభాగంలో లెక్చరర్‌గా పనిచేశాను. పిల్లల థీసిస్‌లకు లెక్కలు కట్టడం, పెద్దల పేపర్లలో లెక్కలు సరిదిద్దడం నా పని. అందరూ ‘లెక్కల మాస్టారు’ అనేవారు. గౌరవంగా అన్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో. వాళ్ళ పేర్లు నాకు గుర్తున్నాయి. మిగతావాళ్ళవీ గుర్తున్నాయి.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళకు ఇప్పుడు పుస్తకాలు, వీడియోలు బోలెడు. ఏ గడిలో ఏ అంకె వెయ్యాలో అవి చెబుతాయి. ఆ అంకె పుట్టిన చోట ఏం జరిగి ఉంటుందో చెప్పవు. అది రాద్దామని కూర్చున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. రావలసినవి రాలేదు గనక రాయడానికి పెద్దగా లేదు కూడా.

మూడు రోజుల శిక్షణ

రాష్ట్రం విడిపోయిన ఏడాది వేసవిలో విశాఖపట్నంలో మూడు రోజుల శిక్షణ పెట్టారు. క్రమబద్ధ సమీక్ష, మెటా ఎనాలిసిస్ నేర్పుతామన్నారు. ఒక ప్రశ్న మీద ఎక్కడెక్కడో జరిగిన పరిశోధనలన్నిటినీ ముందే రాసుకున్న నియమాల ప్రకారం వెతికి, ఏరి, దేన్ని ఎంత నమ్మవచ్చో తూచడం సమీక్ష. వాటి అంకెలను కలిపి ఒక్క అంకెగా తేల్చడం మెటా ఎనాలిసిస్. నచ్చిన నాలుగు పేపర్లు చదివి వ్యాసం రాయడం కాదు. అలాంటి వ్యాసాలు రాసి ప్రొఫెసర్లు అయినవాళ్ళు మా కళాశాలలోనే ఉన్నారు.

శిక్షణలో డాక్టర్లకు కంప్యూటర్ల ముందు కుర్చీలు వేశారు. నన్ను గోడవారగా కూర్చోమన్నారు. “మీకు లెక్కలు వచ్చు కదా సార్, చూస్తే చాలు” అన్నాడు నిర్వాహకుడు. రెండో రోజు, పాఠం చెప్పే ఆయన తెర మీదే తప్పు చేశాడు. మనుషుల మధ్య ఉన్న తేడాను చెప్పే అంకె ఒకటి, సగటు మీద మనకున్న అనుమానాన్ని చెప్పే అంకె మరొకటి. రెండోది ఎప్పుడూ చిన్నదిగా ఉంటుంది. దాన్ని మొదటిదనుకుని ఎక్కిస్తే బలహీనమైన పరిశోధన కూడా మహా గట్టిదానిలా కనిపించి, మొత్తం ఫలితాన్ని తన వైపు లాగేస్తుంది. ఆయన సరిగ్గా అదే చేశాడు. నేను లేచి చెప్పాను.

“మంచి పాయింట్. టీ టైములో మాట్లాడదాం” అన్నాడు.

టీ టైములో ఆయన కోసం రెండంతస్తులూ వెతికాను. దొరకలేదు. మూడో రోజు అదే తెర, అదే తప్పు. మీరు ఈ పనిలో ఉన్నంతకాలం ఆ రెండు అంకెలను గుడ్డిగా నమ్మకండి, నేర్పినవాడు ఎంత పెద్దవాడైనా సరే. ఆ శిక్షణలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే. అది వాళ్ళు నేర్పింది కాదు.

ఇద్దరు విడివిడిగా అంటే

ఈ పద్ధతికి ప్రాణం లాంటి నియమం ఒకటుంది. ప్రతి పేపర్‌నూ ఇద్దరు, ఒకరిది ఒకరు చూడకుండా చదివి, అంకెలు విడివిడిగా ఎత్తి రాయాలి. తర్వాత కూర్చుని పోల్చుకోవాలి. తేడా వస్తే మాట్లాడుకోవాలి, తేలకపోతే మూడో మనిషిని అడగాలి.

మొదటిసారి ఇద్దరు పీజీలకు అయిదు పేపర్లు ఇచ్చాను. మూడో రోజుకే ఇద్దరూ ఫారాలు తెచ్చి ఇచ్చారు. ఒక్క తేడా లేదు. ఒక పేపర్లో అరవై ఒకటి అని ఉంటే ఇద్దరూ పదహారు అని రాశారు.

“ఒకే తప్పు ఇద్దరికీ రావచ్చు కద సార్?” అన్నాడు ఒకడు.

“రావచ్చు బాబూ. కానీ ఇద్దరూ ఒకే చోట కొట్టేసి, ఒకే చోట దిద్దుకున్నారు. ఆ సిరామరక కూడా దింపుతావనుకున్నాను.”

ఒకడు రాసిన ఫారాన్ని ఫోటో తీసి రెండోవాడికి వాట్సాప్‌లో పంపాడు, అంతే. పై అధికారికి చెప్పాను. మా విభాగాధిపతి, కళాశాల డీన్, రెండూ ఒకరే: డాక్టర్ దక్షిణామూర్తి. “పిల్లలు కదా మాస్టారూ, మరీ బిగుసుకుపోతే ఎలా?” అన్నారు. మరుసటి నెల ఆ ఇద్దరినే ఒక సదస్సులో పోస్టరు ప్రదర్శనకు పంపారు.

ఆ తర్వాత నాకు జంటగా పనిచేసింది డాక్టర్ సుజాత. రాజాంలో బియ్యం వ్యాపారం చేసే కుటుంబం నుంచి వచ్చిన అసిస్టెంట్ ప్రొఫెసర్. తన ఫారం నాకు కనబడకుండా ఫైలు అడ్డుపెట్టుకుని రాసేది. “మీరూ అటు తిరిగి కూర్చోండి మాస్టారూ, నాకు నమ్మకం లేదు” అనేది మొహం మీదే. ముప్పై ఏళ్ళలో నా పనిని అంత సీరియస్‌గా తీసుకున్న మనిషి మరొకరు లేరు.

మా ప్రశ్న

మా ప్రాంతంలో బోదకాలు పాత జబ్బు. వాచిన కాలికి మధ్యమధ్యలో జ్వరం వస్తుంది. వచ్చిన ప్రతిసారీ మనిషి మూడు నాలుగు రోజులు మంచం దిగలేడు, కాలు ఇంకాస్త ముదురుతుంది. ఆ జ్వరాలు తగ్గాలంటే రోజూ కాలిని సబ్బుతో కడిగి ఆరబెట్టుకోవడం నేర్పితే చాలా, లేక ఒక మాత్ర నెలల తరబడి ఇవ్వాలా? ఇదీ ప్రశ్న. జిల్లా ఆరోగ్య కార్యాలయం వాళ్ళు అడిగారు. మీ సమీక్ష మాత్ర వైపు తేలితే తీరం పల్లెలన్నిటిలో మాత్రే ఇస్తామని, కడగడం నేర్పే శిబిరాలు ఎత్తేస్తామని చెప్పారు. అంటే మేము తప్పు చేస్తే, ఆ తప్పును వేలమంది రోజూ మింగాలి.

నాలుగు నెలలు వెతికాం. ఏరగా మిగిలిన పేపర్లలో ఒకటి మా డీన్ గారిదే. ఆయన ఇంకా డీన్ కాకముందు, మా కళాశాల కొత్తలో, ఈ జిల్లాలోనే చేసింది. నలుగురి పేర్లతో అచ్చయింది.

సుజాత అంకెలన్నీ కంప్యూటర్‌లో వేసింది. ఇలాంటి పటంలో ఒక్కో పరిశోధన ఒక్కో చదరం, మొత్తంలో దాని బరువు ఎంతయితే చదరం అంత పెద్దది. నడుమ ఒక నిలువు గీత. గీత మీద పడితే తేడా లేనట్టు. అడుగున మొత్తం ఫలితానికి ఒక డైమండ్ గుర్తు. డీన్ గారి పేపర్ అన్నిటికంటే పెద్ద చదరం, అన్నిటికంటే దూరంగా, మాత్ర వైపు. అది ఉంటే డైమండ్ మాత్ర వైపు ఉంది. తీసేస్తే వచ్చి గీత మీద కూర్చుంది.

ఆ పేపర్‌ను ఎంత నమ్మవచ్చో ఇద్దరం విడివిడిగా తూచాం. సుజాత నమ్మవచ్చని ఆకుపచ్చ చుక్క పెట్టింది. నేను నమ్మలేమని ఎరుపు పెట్టాను.

“ఇదేటి మాస్టారూ! చీటీలు తీసి మనుషుల్ని రెండు గుంపులుగా పంచామని రాశారు. ఆరునెలల తర్వాత అందర్నీ చూశామని రాశారు. మీకు తేడా ఎక్కడ కనిపించింది?”

“నాకు తెలుసు.”

“తెలుసంటే? ఈ గడిలో కారణం రాయాలి. ‘మాస్టారికి తెలుసు’ అని రాయమంటారా?”

ఆ రోజు ఫైలు మూసి ఇంటికి వెళ్ళిపోయాను. తర్వాతి రెండు రోజులూ సెలవు పెట్టాను. మూడో రోజు వెళ్ళి చెప్పాను.

నాకు తెలిసింది

ఆ పరిశోధనకు ఊరూరా తిరిగి రిజిస్టరు రాసింది నేను. అచ్చయిన నాలుగు పేర్లలో నా పేరు లేదు.

చీటీలు ఎవరూ తీయలేదు. భోగాపురం దిగువన సముద్రం ఒడ్డున ఒక పల్లె. వేటకు వెళ్ళేవాళ్ళ ఇళ్ళు. అక్కడ తాగే నీళ్ళే ఆడవాళ్ళు బిందెలతో దూరం నుంచి తెచ్చుకునేవారు. జీపు దిగి అది చూసి దక్షిణామూర్తి గారు అన్నారు: “రోజుకు రెండుసార్లు మంచినీళ్ళతో కాలు కడుక్కోండని ఇక్కడ చెబితే నవ్వుతారు. వీళ్ళకు మాత్ర ఇద్దాం. శృంగవరపుకోట వైపు బావులున్నాయి, కడగడం అక్కడ నేర్పుదాం.” పంపకం అలా జరిగింది. పేపర్లో అది చీటీలైంది.

సముద్రంలో వేట నిషేధం ఉన్న వేసవిలో పేర్లు రాసుకున్నాం. మగవాళ్ళంతా ఇళ్ళ దగ్గరే ఉన్నారు. ఆరు నెలలకు మళ్ళీ వెళ్తే పల్లెలో ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు. మగవాళ్ళు గుజరాత్ పడవల మీద పనికి పోయారు. ఏటా పోతారు. ఈ తీరంలో పుట్టిన ఎవరిని అడిగినా చెబుతారు. నేను విజయనగరంలో పుట్టినవాణ్ణి, నాకూ తెలుసు. అయినా ఆఫీసులో గోడ మీద క్యాలెండరు చూసి తేదీలు వేస్తుంటే నోరెత్తలేదు, నన్ను అడగలేదు గనక. అడగందే చెప్పకూడదని పంతం.

రిజిస్టరులో ‘ఈ ఆరునెలల్లో వచ్చిన జ్వరాలు’ అని ఒక వరస ఉంది. కనిపించనివాళ్ళ గడులు ఖాళీగా వదిలి తెచ్చాను.

“ఈ ఖాళీలేమిటి మాస్టారూ?” అన్నారు దక్షిణామూర్తి గారు.

“మనుషులు లేరు సార్. గుజరాత్ వెళ్ళారు.”

“అంత దూరం వెళ్ళి పడవ మీద వల లాగుతున్నాడంటే కాలు బాగున్నట్టే కదా. జ్వరం వచ్చేవాడు వెళ్తాడా? సున్నా వెయ్యండి.”

వేశాను. బెదిరించి వేయించారని రాస్తే నాకు సులువుగా ఉంటుంది. కానీ ఆ మాట అప్పుడు నాకు సబబుగానే తోచింది. శృంగవరపుకోట వైపు మనుషులు ఊళ్ళోనే ఉన్నారు, వాళ్ళకు వచ్చిన జ్వరాలన్నీ రాశాం. ఒడ్డున లేనివాళ్ళందరికీ సున్నాలు వేశాం. మాత్ర గెలవక ఏం చేస్తుంది?

ఇంకొకటి కూడా రాయాలి. అచ్చులో నా పేరు వెయ్యలేదని పదమూడేళ్ళు కుమిలాను. ఆ పేపర్ కనిపించినప్పుడల్లా మొదట పేర్ల వరసే చూసేవాణ్ణి. లోపలి అంకెల వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నా కోపమంతా తప్పుడు చోట ఖర్చయింది.

సుజాత అంతా విని కుర్చీ వెనక్కి తోసింది.

“ఏటి సార్ ఇది? నాలుగు నెలలు నా ఎదురుగా కూర్చుని ఇప్పుడు చెప్తారా? ఎర్ర చుక్క పెట్టి, నన్ను వెతుక్కోమన్నారా?”

“చెప్పాను కదా ఇప్పుడు.”

“చెప్పారు. అయితే ఇక ఈ పేపర్‌ని మీరు తూచకూడదు. అందులో పనిచేసినవాళ్ళు దాన్ని తూచకూడదని మీరే కదా పీజీలకు చెప్తారు? ఫైలు ఇలా ఇవ్వండి.”

ముప్పై ఏళ్ళలో నాకు జరిగిన అవమానాల జాబితా పెద్దదే. ఇది ఒక్కటే న్యాయమైనది. ఇష్టం లేకపోయినా ఫైలు ఇచ్చాను.

డీన్ గారి గది

పద్ధతి ప్రకారం, అనుమానం ఉంటే పేపర్ రాసినవాళ్ళకే ఉత్తరం రాసి అడగాలి. మామూలుగా అది వేరే దేశానికో వేరే రాష్ట్రానికో పోతుంది. మాది కింది అంతస్తుకు పోయింది. రెండే ప్రశ్నలు: చీటీలు ఎలా తీశారు, ఆరునెలలప్పుడు ఎంతమందిని స్వయంగా చూశారు.

సుజాతకు జవాబు రాలేదు. నాకు పిలుపు వచ్చింది.

“పాత రికార్డులేవీ లేవు మాస్టారూ” అన్నారు దక్షిణామూర్తి గారు. “హుద్‌హుద్ తుఫానుకి రికార్డు రూము కప్పు లేచిపోయింది, మీకు తెలియంది కాదు. అంతా నాని పోయింది.”

“నా దగ్గర ఫీల్డు పుస్తకం ఉంది సార్. పేర్లూ గడులూ అందులో ఉన్నాయి. ఇంట్లో దాచుకున్నాను.”

“ఎందుకు దాచారు?”

“ఆ పని చేసింది నేనని చెప్పుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు గనక.”

అంతవరకూ ‘మీరు’ అన్న మనిషి ‘నువ్వు’లోకి దిగారు.

“అసలు పేపర్లో నీ పేరే లేదు కదయ్యా. నీకు పోయేదేముంది? ఊరుకుంటే ఎవరికీ ఏమీ లేదు. వచ్చే ఏడు రిటైరవుతావు, పొడిగింపుకి అర్జీ పెట్టావు. నా బల్ల మీదే ఉంది.”

“అక్కడే ఉండనివ్వండి సార్.”

“ఇన్నేళ్ళకి హరిశ్చంద్రుడివయ్యావు! ఆ సున్నాలు వేసిన చెయ్యి ఎవరిది మరి?”

“నాదే. అదే రాస్తున్నాను. వెయ్యమన్నది మీరని కూడా రాస్తున్నాను.”

ఆ సాయంత్రమే ఒక పేజీ రాసి సంతకం పెట్టి సుజాతకు ఇచ్చాను. వేరే విభాగం నుంచి పిలిచిన మూడో మనిషి నా ఫీల్డు పుస్తకం, ఆ పేజీ రెండూ చూసి పేపర్‌కు ఎర్ర చుక్క పెట్టాడు. దాన్ని పక్కన పెట్టి మిగతావి కలిపారు. మాత్ర వల్ల మేలు ఉందో లేదో ఇప్పుడున్న ఆధారాలతో చెప్పలేం అని తేలింది. నేను సమీక్ష రచయితల్లోంచి తప్పుకున్నాను.

జిల్లా కార్యాలయంలో అధికారి ఎగిరిపడ్డాడు. “ఇన్ని నెలలు పట్టి తేల్చింది ‘చెప్పలేం’ అనా? ఆ మాత్రం నేనే చెప్పేవాణ్ణి కదా!” అన్నాడు. చెప్పేవాడు కాడు. మాత్రల ఉత్తర్వు రాసి పెట్టుకున్నాడు, నేను చూశాను. దాన్ని ఆపేశాడు, శిబిరాలు ఎత్తెయ్యలేదు. నాకు కావలసింది అదే. తెలియనప్పుడు తెలియదని అచ్చులో రాయించడం ఈ వృత్తిలో అన్నిటికంటే కష్టమైన పని. దానికి ఎవరూ చప్పట్లు కొట్టరు, మీరు ఎదురుచూడకండి.

నా పొడిగింపు రాలేదు. సుజాతను గ్రామీణ కేంద్రానికి వేశారు. డీన్ గారు డీన్‌గానే ఉన్నారు. వీటిలో ఏ ఒక్కటీ నేను మరిచిపోలేదు, మరిచిపోయే ఉద్దేశమూ లేదు.

పల్లె

పదవీ విరమణ అయిన రెండో వారం ఆ ఫీల్డు పుస్తకం సంచిలో వేసుకుని భోగాపురం బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటో. విమానాశ్రయానికి భూములు కొలుస్తున్న రోజులు. చేతిలో పుస్తకం ఉన్న ప్రతివాడినీ జనం అనుమానంగా చూస్తున్నారు. ఒక ఇంటి ముందు చేపలు ఆరబెడుతున్న ఆవిడ నన్ను చూసి నడుము మీద చెయ్యేసుకుని నిలబడింది.

“ఎయిర్‌పోర్టోల్లా బావూ? మా యింటి కాడ కొలతలేటీ నేవు. పో.”

“కాదమ్మా. చాలా ఏళ్ళ కిందట బోదకాలికి మాత్రలిచ్చాం చూడు, వాళ్ళం.”

“ఓలమ్మా, ఆ జీపోల్లా! ఒక్కపాలి మల్లీ వొచ్చినారు గాని, అప్పటికి మా మొగోల్లు నేరు. నానే కదేటి సెప్పినాను, గుజరాత్ ఎల్లిపోనారని.”

పేరు అడిగాను. అప్పలమ్మ. భర్త ఎర్రయ్య. పుస్తకంలో ఆరో పేరు.

“ఆ ఏడు మీ ఆయన సంగతి నేను తప్పు రాశానమ్మా. ఒక్క జ్వరమూ రాలేదని రాశాను.”

ఆమె నన్ను ఎగాదిగా చూసి లోపలికి కేకేసింది. “ఇన్నావా? నీకు జరమే రానేదంట! ఈ బాబు రాసీసినాడంట!”

ఎర్రయ్య గోడ పట్టుకుని బయటికి వచ్చాడు. ఎడమ కాలు మోకాలి దాకా గట్టిపడి ఉంది. అరుగు మీద కూర్చుని కాలిని రెండు చేతులతో ఎత్తి పెట్టుకున్నాడు.

“ఎవుడు సెప్పినాడు నీకు రానేదని?”

“ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను.”

“మూడుపాలి వొచ్చింది. ఒకపాలి పడవ మీద. ఒడ్డు ఇరవై గంటలుంది. వొనికిపోతంటే పడవ నడిపే తండేలు టార్పాలిన్ కప్పి ఇంజను కాడ పడుకోబెట్టినాడు. రెండుపాల్లు ఒడ్డున, గదిలో. ఆ దినాల కూలి కోసీసినారు. కాలు బాగుండి ఎల్నేదు బావూ. ఎల్లకపోతే ఇక్కడ ఏటి తింటాం?”

“అప్పుడే అడగవలసింది.”

“అడగనేదు కదా. ఇప్పుడు రాసుకో.”

“ఇప్పుడు రాసినా లెక్కలోకి రాదు ఎర్రయ్యా. ఇన్నేళ్ళ తర్వాత గుర్తు చేసుకుని చెప్పినదాన్ని నమ్మకూడదని మా నియమం. నేనే పిల్లలకు అలా పాఠం చెప్పాను.”

“లెక్క నీది” అన్నాడు ఎర్రయ్య. “జరం నాది. రాసుకో.”

“రాసుకోమంటన్నాడు కదా, ఆ కలం బయటికి తియ్యి” అంది అప్పలమ్మ.

అరుగు మీద కూర్చుని పుస్తకం తెరిచాను. ఆరో పేరు ఎదురుగా నా సున్నాను ఒక్క గీతతో కొట్టేసి, పక్కన మూడు వేసి, తేదీ రాసి, సంతకం పెట్టాను. ఏ సమీక్షలోకీ ఆ అంకె ఎక్కదు, ఎక్కకూడదు కూడా. ఏడో పేరు అప్పన్నది. అతని ఇల్లు ఎటు వైపని అడిగాను.